తీరాన ప్రభువు రాజేసిన పొయ్యి



ఏప్రిల్ 15 వచ్చిందంటే మైపాడు మొదలు జువ్వలదిన్నె వరకు మన తీరం మూగబోతుంది. జూన్ 14 దాకా, అంటే అరవై ఒక్క రోజులు, మరపడవలు వేటకు పోరాదు. చేపలు గుడ్లుపెట్టి సంతానాన్ని వృద్ధిచేసుకునే కాలం కనుక ఈ నియమం మన మేలుకే. కాని ఆ రెండు నెలలు ఇల్లు గడవడమంటే ఏమిటో మన ఆడబిడ్డలను అడిగితే తెలుస్తుంది. డబ్బు తగ్గినప్పుడు ఇంట్లో ముందుగా తగ్గేది కూర. ఆ కూర ముందుగా తగ్గేది తల్లి కంచంలో.

పాస్కా కాలంలో మనం ధ్యానించే యోహాను సువార్త 21వ అధ్యాయంలో కూడా ఇలాంటి రేవే కనబడుతుంది. తిబెరియా సరస్సులో పేతురు, అతని తోటివారు రాత్రంతా వలలు వేశారు. ఒక్క చేప పడలేదు. తెల్లవారుతుండగా ఉత్థాన క్రీస్తు గట్టున నిలిచారు. ఆయన మాట మీద వల వేస్తే నూట యాభై మూడు పెద్ద చేపలు పడ్డాయి. వారు ఒడ్డుకు చేరేసరికి నిప్పులు రాజుకొని ఉన్నాయి. వాటిమీద చేపలు, పక్కన రొట్టె ఉన్నాయి. ప్రభువు వారిని భోజనానికి పిలిచి తన చేతులతో వడ్డించారు. పేతురును మూడుసార్లు ప్రశ్నించి మందను అప్పగించింది ఆ తరువాతనే. ఈ వరుసను గమనించారా? మరణాన్ని జయించినవాడు అలసినవారి కోసం పొయ్యి రాజేశారు. ముందు భోజనం, పిదప బాధ్యత.

పోయిన సంవత్సరం ఇదే వేటనిషేధ కాలంలో, ఒక ఆదివారం పూజాబలి ముగియవస్తుండగా, ఒక యువతల్లి దేవాలయ గుమ్మం దగ్గర సొమ్మసిల్లి పడిపోయింది. ఎండదెబ్బ అన్నారు కొందరు, దిష్టి అన్నారు మరికొందరు. డాక్టరమ్మ పరీక్ష చేయించి, ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందని చెప్పింది. రెండు రోజుల తరువాత నేను వాళ్లింటికి వెళ్లాను.

"రోజూ ఏం తింటావమ్మా?" అని అడిగాను.

"పిల్లోళ్లు, ఆయన తిన్నాక ఏముంటే అది తింటా ఫాదర్. చాలకపోతే టీ తాగతా" అంది.

నాకు మర్యాద చేయాలని పెద్దకొడుకును అంగడికి పంపి కూల్‌డ్రింకు, బిస్కెట్ ప్యాకెట్టు అప్పు మీద తెప్పించింది. ఆ ఇంటి పెరట్లో మునగచెట్టు నిండుగా ఆకుతో నిలబడి ఉంది.

ఆ కూల్‌డ్రింకు నేను తాగాను. కాదంటే ఆమె నొచ్చుకుంటుందని తాగాను. నాకప్పటికే రెండేళ్లుగా షుగరు వ్యాధి. అది బయటపడినప్పుడు దైవచిత్తమని అందరితో అన్నాను. కాని ఏళ్ల తరబడి పండుగ భోజనాలు, ఇంటింటా తీపి టీలు, నడవగలిగిన దూరానికి కూడా మోటారు సైకిలు, ఇవన్నీ నా చిత్తమే గాని దైవచిత్తం కావు. మా విచారణలో ఒక పెద్దమ్మ ముఖం మీదే అడిగింది: "దేహం పవిత్రాత్మకు ఆలయమని మాకు చెప్తా ఉంటారే ఫాదర్, మీ గుడికి సున్నం ఎవురు కొడతారు?" నవ్వేసి వచ్చాను గాని ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆమె ప్రశ్ననే ఈ వారం మనమందరం వేసుకుందాం.

దేహం చెరసాల కాదు

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు ప్లేటో భావన ఒకటి నన్ను ఎంతో ఆకర్షించింది. ఆత్మకు దేహం చెరసాల వంటిదని ఆయన తలచాడు. మన ఊళ్లలో కూడా "మట్టిలో కలిసే ఒళ్లే గదా" అంటూ ఉంటారు. వినడానికి అది గొప్ప వైరాగ్యంలా ఉంటుంది. కాని శ్రీసభ బోధ అది కాదు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు ఈ విషయాన్ని స్పష్టం చేశారు: ఆత్మ, దేహం రెండూ కలిసిందే మనిషి. దైవవాక్కు దేహాన్ని ధరించింది. మనం విశ్వసించేది ఆత్మ అమరత్వాన్ని మాత్రమే కాదు, శరీర ఉత్థానాన్ని కూడా.

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం, ప్రాణము, ఆరోగ్యము దేవుడు మనకు అప్పగించిన అమూల్య వరాలని, వాటిని తగురీతిగా కాపాడుకోవాలని 2288వ పేరాలో బోధిస్తుంది. ఆ వెంటనే, దేహాన్నే దైవంగా కొలవడం తప్పని హెచ్చరిస్తుంది. తిండి, మద్యం, పొగాకులలో మితం తప్పరాదని కూడా చెబుతుంది. నిర్లక్ష్యం ఒకవైపు గొయ్యి, దేహారాధన మరోవైపు గొయ్యి. నడుమనున్న బాట పేరు మితత్వం.

"ఇవన్నీ డబ్బున్నోళ్ల మాటలు ఫాదర్" అని మీరనవచ్చు. యాపిలు పండ్లు, బాదం పప్పులు మనవల్ల కావు, నిజమే. కాని మంచి తిండంటే ఖరీదైన తిండి అని మనకు ఎవరు చెప్పారు?

పేదవాని రొట్టె

ప్రభువు ఐదువేల మందికి ఆహారమిచ్చినప్పుడు ఆ పిల్లవాని దగ్గర ఉన్నవి యవల రొట్టెలని యోహాను ప్రత్యేకంగా రాశాడు. గోధుమ కొనలేని పేదల ధాన్యం అది. దానినే ప్రభువు చేతిలోకి తీసుకొని ఆశీర్వదించారు. దానియేలు, అతని స్నేహితులు రాజభోజనం వద్దని పది రోజులు శాకాహారం, నీళ్లతో గడిపి, రాజు బల్ల మీద తిన్నవారికంటె ఆరోగ్యంగా కనబడ్డారు.

మన యవల రొట్టె రాగి సంకటి. మన తాతలు దానితోనే ఎండల్లో కష్టం చేశారు. తరువాత అది పేదరికానికి గుర్తయి సిగ్గుపడవలసిన తిండయింది. మొలగొలుకుల వంటి మేలురకం బియ్యానికి పేరుమోసిన నెల్లూరు సీమ మనది. తెల్లన్నం తినడమే గొప్ప అనుకున్నాం. ఇప్పుడు చూడండి, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే సంవత్సరం మన రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. మనం వదిలేసిన రాయిని లోకం వెతుక్కుంటోంది.

చేపల సంగతీ అంతే. చందువా, వంజరం, రొయ్య అమ్ముకోవలసిందే. అది మన బ్రతుకుతెరువు. కాని నెత్తళ్ల గంప కూడా మొత్తం అమ్మేసి, ఆ డబ్బుతో పిల్లలకు రంగు ప్యాకెట్లు కొనడం ఏమి లెక్క? ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలో ఎముకలకు కావలసిన కాల్షియం ఉంది, కండకు కావలసిన మాంసకృత్తులు ఉన్నాయి. గంపలో ఇంటివాళ్ల వంతు ముందే తీసి పక్కన పెట్టండి. వేటలేని రోజుల్లో ఎండుచేపలు వండేటప్పుడు వేడినీళ్లలో నానబెట్టి కడగండి, ఉప్పు కొంత పోతుంది. పెద్దవారికి రోజుకు ఒక చెంచా, అంటే ఐదు గ్రాములు, మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు ఉన్నవారు ఇది మరువరాదు.

గంజిలో పోయిన బలం

ఒక పాత సంగతి చెబుతాను. నూరేళ్ల క్రితం మన కోస్తా ఆంధ్రలో బెరిబెరి అనే వ్యాధి ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె బలహీనమై మనుషులు మరణించేవారు. ఈ వ్యాధిని పరిశోధించడానికి 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుని ఆధ్వర్యంలో ఒకే ఒక గదిలో ఒక కేంద్రం మొదలైంది. అదే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందింది. బెరిబెరికి మూలం ఏమిటంటే, మరలో తెల్లగా పాలిషు పట్టిన పచ్చిబియ్యమే ప్రధాన ఆహారం కావడం. తవుడుతో పాటు బి-1 విటమిను పోతుంది. బియ్యాన్ని పదేపదే కడిగితే మరికొంత పోతుంది. గంజి వార్చి పారబోస్తే మిగిలింది కూడా పోతుంది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో ఈ వ్యాధి అంతగా లేదు, ఎందుకంటే వడ్లను ఉడకబెట్టినప్పుడు ఆ విటమిను గింజలోకి ఇంకుతుంది.

కనుక అమ్మలారా, గంజి పారబోయకండి. చారులోనో, చద్దన్నంలోనో పోయండి, లేదా మజ్జిగ కలుపుకొని తాగండి. ఇందుకు పైసా ఖర్చు లేదు. మరొక మాట. రేషను బియ్యంలో కాస్త తేడాగా కనబడే గింజలను "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేసేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. 2024 నాటికి ప్రభుత్వం రేషను బియ్యంలో కలిపిన ఆ గింజలు ప్లాస్టిక్ కాదు. బియ్యపు పిండికి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి-12 విటమిను కలిపి గింజలుగా చేసి, నూరింట ఒకటి చొప్పున కలిపారు. రక్తం తక్కువైన ఇంట్లో రక్తాన్నిచ్చే గింజనే ఏరి పారేస్తే ఎలా?

చిల్లర లెక్క

డబ్బు ఎక్కడ పోతోందో కాస్త లెక్కవేద్దాం. ఇద్దరు పిల్లలకు రోజుకు చెరొక పది రూపాయల చిప్స్ ప్యాకెట్టు. నెలకు ఆరువందలు. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా ఎనభై ఐదు గుడ్లు వస్తాయి. అదే డబ్బును కందిపప్పు, వేరుశనగలు, ఆకుకూరలు, జామకాయల మధ్య పంచితే ఇంటి కంచమే మారిపోతుంది. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచండి. మునగాకును పప్పులోనో వేపుడులోనో వారానికి రెండు మూడుసార్లు వేయండి. దానితో పాటు నిమ్మరసమో జామకాయో తీసుకుంటే ఆకులోని ఇనుము ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు, కాసేపు ఆగండి. షుగరు, రక్తపోటు ఉన్నవారు ఇవి చేస్తున్నామని మందులు మానవద్దు. ఉపవాసం ఉండదలిస్తే వైద్యుని అడిగి ఉండండి. రోగులను ఉపవాసం నుండి శ్రీసభ మినహాయించింది.

పెద్ద చిల్లు మరొకటుంది. అది ఏమిటో మన జిల్లా తల్లులు 1992లోనే లోకానికి చూపించారు. అక్షరాస్యత తరగతులలో చదువు నేర్చుకుంటున్న దూబగుంట స్త్రీలు, సారా తమ ఇంటి అన్నాన్ని తాగేస్తోందని గ్రహించి తిరగబడ్డారు. ఆ నిప్పు జిల్లాలో సారా వేలంపాటలను ఆపింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలిపోయింది. చట్టం వచ్చింది, పోయింది. కాని ఆ తల్లులు నేర్పిన పాఠం పోలేదు: ఇంటి ఆరోగ్యం ఇంటి డబ్బు ఎటుపోతుందన్న దాని మీద ఆధారపడి ఉంది. ఈ మాట నేను స్త్రీలకు చెప్పనక్కరలేదు. అన్నలారా, తమ్ములారా, మీకు చెబుతున్నాను. వేటలేని రెండు నెలలైనా సీసాకు సెలవివ్వండి.

ఆమె కంచం

ఇప్పుడు అసలు మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిహేను నుండి నలభై తొమ్మిదేళ్ల లోపు స్త్రీలలో ప్రతి పదిమందికి దాదాపు ఆరుగురు రక్తహీనతతో ఉన్నారు. అంటే ఆదివారం దేవాలయంలో ఆడవాళ్ల వైపు చూస్తే సగానికి పైగా నీరసాన్ని దాచుకొని జపమాల చెబుతున్నారన్నమాట. దీనికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి మన చేతిలోనే ఉంది: ఆమె ఆఖరున తింటుంది. దానిని మనం త్యాగమని పొగుడుతాం. నేనూ వేదిక మీద నుండి ఎన్నోసార్లు పొగిడాను. త్యాగం తాను ఎన్నుకునేది. ఇల్లంతా కలిసి ఒకరిమీద మోపేది త్యాగం కాదు, అన్యాయం.

ప్రభువు యాయీరు కుమార్తెను మరణం నుండి లేపిన వెంటనే చెప్పిన పని ఏమిటి? ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమని. అంతటి అద్భుతాన్ని చూచి అందరూ నిశ్చేష్టులై ఉండగా, ఆ ఆడపిల్ల ఆకలి ఆయనకే గుర్తుంది. ఏలీయా ప్రవక్త చావాలని కోరుకొని చెట్టుకింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు తెచ్చి రెండుసార్లు లేపి తినిపించాడు.

కనుక ఈ వారం మన కుటుంబాలన్నీ ఒక్క పని చేయాలని కోరుతున్నాను. రాత్రి భోజనానికి ఇంటిల్లిపాది కలిసి కూర్చోండి. వడ్డించక ముందే తల్లి వంతు కూర, గుడ్డు, చేపముక్క ఆమె కంచంలో పెట్టండి. ప్రార్థన చెప్పి, అందరూ ఒకేసారి తినండి. దివ్యసత్ప్రసాద బల్ల వద్ద ఎవరూ ఆఖరివారు కారు. మన ఇంటి బల్ల దానికి సాక్ష్యమివ్వాలి.

మొన్న ఆ యువతల్లి ఇంటికి మళ్లీ వెళ్లాను. ఆస్పత్రివాళ్లిచ్చిన ఇనుము మాత్రలు క్రమంగా వేసుకుంటోంది. ముఖంలో కళ వచ్చింది. పెరట్లో మునగచెట్టు కింది కొమ్మలకు ఆకు లేదు. ఈసారి నాకు కూల్‌డ్రింకు తేలేదు. మజ్జిగ, ఉప్పు కలిపిన రాగిజావ గ్లాసుతో ఇచ్చింది. "మరి నీకమ్మా?" అన్నాను. ఆమె భర్త లేచి లోపలికి వెళ్లి ఇంకొక గ్లాసు నింపి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ముగ్గురం కలిసి తాగాము.

తీరాన పొయ్యి రాజేసి అలసినవారికి వడ్డించిన ప్రభువు, ఈ వేటలేని దినాలలో మన పొయ్యిలను, మన కంచాలను, మన దేహాలను ఆశీర్వదించునుగాక. ఆమెన్.