చిట్టెలుక ప్రాణము - మానవుని ఋణము

దయయే ధర్మమునకు మూలమని పెద్దలు బోధించిరి. ఆ మాటను నమ్మినవానికి ఒక ప్రశ్న తప్పదు. క్షయరోగిని బ్రతికించుటకై చిట్టెలుకకు క్షయ నంటించి చంపుట దయయా, హింసయా?

రోగనిరోధకశక్తిని పెంచు ఔషధమును పరీక్షించు విధానమిది. క్షయక్రిములను గాలితో కలిపి ఎలుకల ఊపిరితిత్తులలోనికి పంపుదురు. కొన్నింటికి ఔషధ మిత్తురు, కొన్నింటికి ఈయరు. కొన్ని వారముల పిమ్మట రెండు తెగలవానిని చంపి, ఊపిరితిత్తులలోను ప్లీహములోను మిగిలిన క్రిములను లెక్కింతురు. ఔషధము ఫలించిన ఎలుకకును విడుదల లేదు.

ఈ బలి వ్యర్థమనుటకు వీలులేదు. ఇంటర్‌ఫెరాన్ గామా అను పదార్థము శరీరమున పుట్టని ఎలుకలు క్షయకు త్వరితముగా లొంగిపోవునని 1993లో తేలెను. ఆ క్రిమిని దేహము అడ్డుకొను మార్గము దానివలన కొంత తెలిసెను. కుష్ఠురోగక్రిమి గాజుపాత్రలలో పెరుగదు. 1960లో షెపర్డ్ దానిని ఎలుక పాదమున పెంచిన పిదప ఔషధములను పరీక్షించుటకు దారి యేర్పడెను.

కాని ఎలుక మనుష్యుడు కాదు. గినీపందులలో క్షయను నిలిపితినని 1890లో రాబర్ట్ కాక్ ట్యూబర్‌క్యులిన్‌ను ప్రకటించెను. దాని తయారీని మొదట వెల్లడింపలేదు. ఆశతో బెర్లిన్‌కు పరుగెత్తిన రోగులలో పెక్కుమందికి మేలు కలుగలేదు; కొందరు మరణించిరి. జంతువులలో నిరోధకశక్తిని పెంచిన ఎం.వి.ఎ. 85ఎ అను టీకా సైతము దక్షిణాఫ్రికా శిశువులను క్షయనుండి కాపాడలేదని 2013లో వెల్లడియయ్యెను.

కావున మొదటి ప్రశ్నకు సూటిగా బదులు చెప్పవలెను. అది హింసయే. తప్పనిసరియైనను హింసయే. దానికి దయ యని పేరు పెట్టుట ఆత్మవంచన. అట్లని పరీక్షింపని మందును రోగికిచ్చుటయు దయ కాజాలదు. అప్పుడు రోగియే పరీక్షాజంతు వగును.

ఎలుక తన సమ్మతి నీయలేదు. కనుక దాని ప్రాణమును తీసికొన్నవాడు ఋణగ్రస్తుడు. వేరు మార్గమున్నచో ఆ ప్రాణము జోలికి పోరాదు. లెక్కకు మించి చంపరాదు. ఫలితము తేలనంత తక్కువ సంఖ్యతో చంపి ఆ ప్రాణములను వృథా చేయనురాదు. బాధను తగ్గింపవలెను. 1959లో రస్సెల్, బర్చ్ అను ఆంగ్లేయ విద్వాంసులు చెప్పిన నియమముల సారమిదియే. 1960 నాటి మన జంతుహింసా నివారణ చట్టమును అనవసర బాధ కూడదనుచున్నది. అయితే పెద్ద జంతువునకు మారుగా చిన్న జంతువును వాడుమనియు అది చెప్పుచున్నది. దేహము చిన్నదైనంత మాత్రమున వేదన చిన్నదగునా?

అన్నింటికంటె పెద్ద ఋణము సత్యము. మందు పనిచేయలేదని తేలినచో దానిని దాచుట ఆ ప్రాణములను రెండవమారు హరించుటయే. తెలియక మరియొకరు అదే పరీక్షకు మరికొన్ని ఎలుకలను చంపుదురు. అనుకూలమైన ఫలితమును చాటినట్లే ప్రతికూలమైన దానిని గూడ చాటువాడే ఆ ఋణమును కొంతయైన తీర్చినవాడు.