చేయి వదలిన క్షణము



కొన్ని మాసముల క్రిందట మేము కొందరము ఒక పెండ్లినుండి అద్దె వ్యానులో తిరిగి వచ్చుచుంటిమి. రాత్రివేళ. వెనుక స్త్రీలును పిల్లలును నిద్రించుచుండిరి. డ్రైవరు ప్రక్కన కూర్చున్న మాకు ఒక సంగతి కనబడెను. దారి తిన్నగా నున్నది, బండియు తిన్నగానే పోవుచున్నది. అయినను ఆ సోదరుని చేతులు స్టీరింగును కుడివైపునకు బిగపట్టియే యున్నవి. అదేమని అడిగితిమి. "బండి ఎడమకు లాగుతుందండీ. చెయ్యి వదిలితే కాలవలోకే" అని నవ్వెను. ఎంతకాలమునుండి అని అడుగగా, "అలవాటైపోయిందండీ" అనెను.

క్షేమముగా ఇల్లు చేరితిమి. కాని ఆ మాట మమ్మును విడువలేదు. చేతిబలముచేత తిన్నగా పోవు బండిని మంచి బండి యనవచ్చునా? లోపల ఒకవైపునకు లాగుచుండగా, తన్ను తాను బిగపట్టుకొని మంచి నడత నడచు మనుష్యుని మంచివాడనవచ్చునా?

తరువాత ఆ సోదరుడు బండిని మెకానిక్కునకు చూపినప్పుడు మేమును వెళ్లితిమి. మెకానిక్కు వెంటనే చక్రములమీద చేయి వేయలేదు. ముందు టైర్లలో గాలి చూచెను. ఒకవైపు గాలి తక్కువైనను బండి ఆ వైపునకే లాగునట. పిమ్మట, ఏ రోడ్డుమీద లాగుచున్నదని అడిగెను. వాననీరు నిలువకుండుటకై రోడ్డును నడుమ ఎత్తుగాను, అంచులకు వాలుగాను వేయుదురు. ఎడమ ప్రక్కన నడచు బండి ఆ వాలునుబట్టి కొంత ఎడమకు పోవుట సహజమే. ఇది మేము నేర్చుకొన్న మొదటి పాఠము. పొరుగువాడు ఒక ప్రక్కకు ఒరుగుచున్నాడని తీర్పు చెప్పుటకు ముందు, అతడు నడచుచున్న దారి ఎంత వాలుగా నున్నదో చూచితిమా? అప్పులలో పుట్టినవాని దారియు, నిండిన గాదెలున్న యింట పుట్టినవాని దారియు ఒక్కటి కాదు.

ఆ మీదట మెకానిక్కు బండిని పైకెత్తి చక్రమును కదిపెను. కుడివైపు ముందు చక్రపు కీలు అరిగి, చక్రము పైభాగము లోపలికి ఒరిగియుండెను. ఈ ఒరుగుటనే కేంబరు అందురు. బయటినుండి చూచిన టైరు క్రొత్తదానివలె నున్నది. లోపలి అంచున మాత్రము రబ్బరు అరిగిపోయి దారములు కనబడుచుండెను. ఆ రాత్రి పిల్లలతో కూడ మేమందరము ప్రయాణము చేసినది ఆ టైరుమీదనే.

మరియొక కొలతకు టో అని పేరు. పైనుండి చూచినప్పుడు రెండు చక్రముల ముందు అంచులు ఒకదానికొకటి దగ్గరగానో దూరముగానో ఉండుట అది. ఇది తప్పినప్పుడు బండి లాగకపోవచ్చును. ఒక చక్రము కుడికి, మరియొకటి ఎడమకు త్రోయుచు, రెండు తప్పులు ఒకదాని నొకటి ఆపుకొనగా బండి తిన్నగానే పోవును. కాని 600 మిల్లీమీటర్ల వ్యాసముగల చక్రము ముందు అంచు, వెనుక అంచుకన్న 3 మిల్లీమీటర్లు ప్రక్కకు మరలియున్నయెడల, లెక్క ప్రకారము అది ప్రతి కిలోమీటరునకు 5 మీటర్లు నేలమీద ప్రక్కకు ఈడ్వబడుచున్నట్లే. చేతికి ఏమియు తెలియదు, టైరునకు తెలియును. తండ్రి యింట ఎన్నడును దారి తప్పక పనిచేసిన పెద్ద కుమారుని కథ మన మెరిగినదే. తమ్ముడు తిరిగి వచ్చిన దినమున గదా అతని లోపలి అరుగుదల బయటపడినది!

మూడవ కొలత కాస్టర్. సైకిలు ముందు ఫోర్కును చూడుడి. అది నిట్టనిలువుగా నుండదు. పైభాగము వెనుకకు వాలియుండును. మోటారు బండిలో చక్రము తిరుగు కీలకమును అట్లే వాల్చియుంతురు. అందుచేత చక్రము నేలను తాకు చోటు ఆ కీలకపు గీతకు కొంచెము వెనుకబడి, ఆ గీతను వెంబడించుచు వచ్చును. మలుపు తిరిగిన తరువాత పట్టు సడలించినయెడల స్టీరింగు తనంతట తానే నడుమకు వచ్చుటకు ఇది ముఖ్య కారణము. ఎన్నడును తిరుగని చక్రము మంచి చక్రము కాదు. అట్టిది మొదటి మలుపులోనే బండిని పొలములో పడవేయును. తిరిగియు మరల తిన్ననగునదే మంచి చక్రము.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు మా ఉత్తరము చెప్పుదుము. బిగపట్టి నడిపిన ఆ సోదరుని మేము తప్పుపట్టము. చీకటి దారిలో, నిద్రించు పిల్లలతో, అతడు చేయవలసిన పని అదియే. కోపము లోపల లాగుచుండగా నోరు మూసికొన్న తండ్రియు, కల్లుదుకాణము ముందు అడుగు నిలువక సాగిపోయిన కూలివాడును వేషధారులు కారు. వారి పోరాటము గౌరవింపదగినది. అయితే అతని తప్పు ఒక్క మాటలో నున్నది: "అలవాటైపోయిందండీ." పట్టును సుగుణమనుకొని, లోపమును బాగుచేసికొనకుండుటయే అపాయము. ఎంత బలమైన చేయియైనను ఒకనాడు అలసిపోవును. ఆ అరుగుదల వెల చెల్లించువారును తరచుగా వెనుక నిద్రించుచున్నవారే.

అరిగిన కీలు మార్చకుండ చక్రముల కొలతలు సరిచేసినను నిలువవని మెకానిక్కు చెప్పెను. కీలు మార్చి, ఆ మీదట కొలతలు సరిచేసెను. బయటికి వచ్చి, ఎవరును లేని తిన్నని దారిలో మెల్లగా నడపుచు, డ్రైవరు సోదరుడు ఒక క్షణము చేతులు పైకెత్తెను. బండి తిన్నగా పోయెను. అతడు మావైపు చూచి ఈసారి నవ్వలేదు. చాలసేపు మౌనముగా నుండెను.

మన విషయమైనను అంతే. అందరు చూచుచున్నప్పుడు మనము ఎటు పోవుచున్నామో మనకు తెలియును. అలసిన సాయంకాలమున, ఎవరును చూడని చోట, చేయి వదలిన క్షణమున మనము ఎటు లాగబడుచున్నాము? ఈ మాసము ఆ యొక్క ప్రశ్న మనలను మనమే అడుగుకొందము.