పేరు పెట్టడంలోని బాధ్యత

ఒక వ్యక్తి స్థితికి పేరు పెట్టడం అతణ్ణి తెలుసుకోవడమా, లేక అతని విషయంలో తీర్పు చెప్పడమా? వైద్యం, విద్య, పరిపాలన అనే మూడు రంగాలూ నిత్యం మనుషులకు పేర్లు పెడుతూనే ఉంటాయి గనుక ఈ ప్రశ్న ఆ మూడింటికీ చెందినది. చదవడం, రాయడం, లెక్కించడం వంటి నిర్దిష్ట నైపుణ్యాలలో మాత్రమే ఎదురయ్యే అభ్యసన వైకల్యం ఒకటి. ఇతరులతో మెలిగే తీరులోనూ, ఇంద్రియానుభవంలోనూ భేదంగా వ్యక్తమయ్యే ఆటిజం మరొకటి. ఈ రెండింటి చరిత్రను పరిశీలిస్తే ఆ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

బ్రిటిష్ ఇండియాలో 1881 నుంచి 1931 వరకు జరిగిన జనగణనలలో ఉన్మాదం, మూగ-చెవుడు, అంధత్వం, కుష్ఠు అనే నాలుగు వైకల్యాలను లెక్కించారు. గుమ్మం ముందు నిలబడి అడిగే గణకునికి కనబడేవి, ఇంటివారు చెప్పగలిగేవి అవే. 1931లో దేశంలో అక్షరాస్యులు నూటికి 10 మంది కంటె తక్కువ. చదువే అందని సమాజంలో చదవలేకపోవడం ఒక ప్రత్యేక స్థితిగా ఎవరి దృష్టికీ రాదు. బడి అందరికీ తప్పనిసరి అయిన చోటే అది మొదట కంటబడింది.

ఇంగ్లండులో ప్రాథమిక విద్య 1880లో నిర్బంధమైంది. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు 14 ఏళ్ల బాలుని గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ బాలుడు చురుకైనవాడు. అంకెలు చదవగలడు, లెక్కలు చేయగలడు. ఎన్నేళ్లు నేర్పినా మాటలు మాత్రం చదవలేడు. తన పేరును సైతం తప్పు రాసేవాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో ఇతనే అందరికంటె తెలివైనవాడు అయ్యేవాడని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడు. మోర్గన్ ఆ స్థితిని పుట్టుకతో వచ్చిన 'పదాంధత్వం' అన్నారు. నేటి డిస్లెక్సియా అదే. ఆ పేరు చేసిన మేలు ఒకటుంది: చదవలేకపోవడాన్ని తెలివి తక్కువతనం నుంచి అది వేరు చేసింది.

ఈ వేర్పాటు సరైనదేనని నాడీమనోవిజ్ఞానం తరువాత వివరించింది. మాట మానవజాతికి అతి ప్రాచీనమైనది. లిపి వయస్సు దాదాపు 5,000 ఏళ్లే. చదవడానికంటూ మెదడులో పుట్టుకతో ఏర్పడిన స్థానం లేదు. వస్తువులను, ముఖాలను గుర్తించే దృశ్యవ్యవస్థలో కొంత భాగం, ముఖ్యంగా ఎడమ అర్ధగోళంలో వెనుక దిగువ ప్రాంతం, శిక్షణ వల్ల అక్షరాలకు అలవాటు పడుతుందని స్టనిస్లాస్ డెహేన్ వంటి శాస్త్రజ్ఞులు చూపారు. ఆ ప్రాంతానికీ, భాషాధ్వనులను విడదీసి పట్టుకునే ప్రాంతాలకూ మధ్య పొత్తు కుదరాలి. డిస్లెక్సియా గల పిల్లలలో చాలామందికి ఈ ధ్వని విభజన వద్దనే చిక్కు వస్తుంది.

ఆ చిక్కు అన్ని లిపులలోనూ ఒకే రూపంలో కనబడదు. తెలుగు పిల్లవాడు గుణింతాలు, ఒత్తులు కలిసిన వందలాది రూపాలను గుర్తుపట్టాలి; అయితే అక్షరానికీ ధ్వనికీ గల పొందిక మన లిపిలో ఇంగ్లీషు కంటె నిలకడగా ఉంటుంది. కనుక ఇక్కడి ఇబ్బంది తప్పులలో కంటె తడబాటులో, నెమ్మదితనంలో ఎక్కువగా బయటపడవచ్చు. ఇంగ్లీషు కోసం రూపొందించిన పరీక్షను అనువదించి తెలుగు పిల్లవానిపై ప్రయోగిస్తే, ఆ వచ్చే ఫలితం అతని గురించి పెద్దగా చెప్పదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషలకు ప్రత్యేకంగా డిస్లెక్సియా పరీక్షలను రూపొందించవలసి వచ్చింది అందుకే.

పేరు పెడితే పిల్లవానికి మచ్చ పడుతుంది, పెట్టకపోవడమే మేలు కదా అని కొందరంటారు. ఆ భయం నిరాధారమైనది కాదు. కాని ఆ పిల్లలు ఏనాడూ పేరు లేకుండా లేరు. మొద్దు, సోమరి, మొండిఘటం అన్న పేర్లను బడి, ఇల్లు, వీధి ముందే ఇచ్చి ఉన్నాయి. అందువల్ల మనం ఎంచుకోవలసింది ఏ పేరు, ఎవరి ప్రయోజనానికి అన్నదే.

శాస్త్రీయమైన పేరు కూడా దుర్వినియోగం కావచ్చునని ఆటిజం చరిత్ర చెబుతుంది. 1943లో అమెరికాలో లియో కన్నర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ, ఈ స్థితి పుట్టుకతో వచ్చేదని రాశారు. అయినా ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా, తల్లి ప్రేమ చూపకపోవడమే దీనికి కారణమన్న సిద్ధాంతం ప్రబలింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ గ్రంథం దానికి మరింత బలమిచ్చింది. బిడ్డ కోసం అహోరాత్రాలు శ్రమించే తల్లినే దోషిగా నిలబెట్టారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ 21 కవల జంటలను పరిశీలించారు. ఏకరూప కవలల 11 జంటలలో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. భిన్నరూప కవలల 10 జంటలలో ఒక్కదానిలోనూ అలా లేదు. కారణం జన్యువులలో ఉందనడానికి అది గట్టి ఆధారమైంది. అప్పటికే ఎందరో తల్లులు ఆ నింద మోశారు.

వియన్నా కథ ఇంకా కఠోరమైనది. 1944లో హాన్స్ ఆస్పెర్గర్ ఇటువంటి పిల్లలలో కొందరి విశిష్ట ప్రతిభను ప్రశంసించారు. అదే నగరంలో నాజీల కాలంలో 'ఆమ్ స్పీగెల్‌గ్రుండ్' అనే సంస్థలో దాదాపు 800 మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. వారిలో అనేకులది హత్య. ఆస్పెర్గర్ కొందరు పిల్లలను అక్కడికి సిఫారసు చేశారని 2018లో చరిత్రకారుడు హెర్విగ్ చెక్ దస్తావేజుల ఆధారంగా వెల్లడించారు. ఒకే వైద్యుని కలం ఒక బిడ్డను సమాజానికి పనికివచ్చేవానిగా, మరొక బిడ్డను పనికిరానివానిగా విడదీసింది. ప్రతిభ ఉన్నందుకే గౌరవమిస్తే, ప్రతిభ కనబడని బిడ్డకు ఆ గౌరవంలో చోటుండదు. ఆటిజం గలవారిని మేధావులుగా మాత్రమే చిత్రించే నేటి అభిమానులూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎదుటివారి మనస్సును ఊహించగల శక్తిపై 1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ ఒక ప్రసిద్ధ ప్రయోగం చేశారు. ఒక బొమ్మ బయటికి వెళ్లినప్పుడు మరో బొమ్మ దాని గోళీని వేరే చోట దాస్తుంది. మొదటిది తిరిగివచ్చి ఎక్కడ వెతుకుతుందన్నదే ప్రశ్న. ఆటిజం గల 20 మంది పిల్లలలో 16 మంది సరైన జవాబు చెప్పలేదు. లోపమంతా పిల్లలదేనని చాలామంది భావించారు. తానూ ఆటిజం గలవాడైన డేమియన్ మిల్టన్ 2012లో వేరొక ప్రశ్న లేవనెత్తారు: తక్కినవారు ఆటిజం గలవారి మనస్సును ఏ మాత్రం ఊహించగలుగుతున్నారు? అవగాహన లోపం ఉభయపక్షాలదీ అయితే, సర్దుకోవలసిన భారం ఒక పక్షంపైనే మోపడం న్యాయం కాదు.

మన చట్టాలు ఈ దారిలో మెల్లగా నడిచాయి. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు స్థితులలో ఆటిజం గాని, అభ్యసన వైకల్యం గాని లేవు. 1999లో జాతీయ ట్రస్టు చట్టం ఆటిజాన్ని పేర్కొంది. 2011 జనగణన పట్టికలో ఈ రెండింటికీ ప్రత్యేక గడి లేదు. 2016 చట్టం గుర్తించిన 21 స్థితులలో రెండింటికీ స్థానం లభించింది. అయితే రిజర్వేషన్ వంటి పలు ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం అవసరం. రాత కుదరని ఒక అభ్యర్థి వ్యాజ్యంలో, ఆ శాతం లేకపోయినా పరీక్షకు లేఖకుని సహాయం నిరాకరించరాదని 2021లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ప్రయోజనాల పంపిణీకి ఒక హద్దు గీయక తప్పదు. ఆ హద్దుకు ఇవతల ఉన్నవారి అవసరం మాత్రం దానివల్ల మాసిపోదని ఆ తీర్పు సారాంశం.

ఈ చరిత్ర నుంచి ఒక కొలమానం తీసుకోవచ్చు. పెట్టిన పేరు ఎవరిపై బాధ్యత మోపుతున్నది? పేరు పెట్టగానే ఉపాధ్యాయుడు బోధించే పని నుంచి, అధికారి ఆలోచించే పని నుంచి విముక్తులైతే ఆ పేరు అన్యాయమైనది. దానివల్ల ఉపాధ్యాయుడు మరో పద్ధతిలో పాఠం చెప్పవలసివస్తే, పరీక్షలో అదనపు సమయం ఇవ్వవలసివస్తే, తల్లి భుజాల మీది నింద తొలగితే అది న్యాయమైనది. ధ్రువపత్రం ఇవ్వడంతో దస్త్రం మూసివేయడం పరిపాలనలో తేలికగా అలవడే పద్ధతి. ఆ పిల్లవాడు మరునాడు అదే తరగతిలో, అదే పుస్తకం ముందు కూర్చుంటాడు. అక్కడ అతని కోసం ఏమి మారిందో చూసినప్పుడే ఆ సంతకం వల్ల ఏమి జరిగిందో మనకు తెలుస్తుంది.