ఓడ దిగిన తరువాత



మొన్న తమకలో మా ఇంటికి వచ్చిన సంఘపు అమ్మాయి ఒకతె మమ్మును ఒక ప్రశ్న అడిగింది. జపాను ప్రభుత్వము నడిపిన యువజన ఓడలను గూర్చి ఆమె చదివిందట. "సార్, కొన్ని వారాలు ఓడలో కలిసి ఉన్నంత మాత్రాన జీవితాంతము నిలిచే స్నేహము కుదురుతుందా? అది పెండ్లి ఇంటి పరిచయము వంటిదే కదా?" అన్నది. ఏదో చెప్పి పంపాము గాని, ఆ జవాబు మాకే చాలలేదు.

జపాను 1967లో తన యువతను స్నేహయాత్రకై ఓడలో విదేశాలకు పంపనారంభించింది. 1974లో ఆగ్నేయాసియా యువతకు ఒక ఓడ, 1988లో ప్రపంచ యువతకు మరొక ఓడ ఏర్పడినవి. మన దేశపు యువతీయువకులు కూడా వాటిలో పాల్గొన్నారు. వేర్వేరు దేశాల వారిని ఒకే గదిలో ఉంచడము ఆ యాత్రల పద్ధతి. యాత్ర ముగిసిన తరువాత వారు తమ తమ దేశాలలో పూర్వ సభ్యుల సంఘాలు పెట్టుకొని ఒకరినొకరు విడువకుండా ఉన్నారు.

అంత త్వరగా స్నేహము ఎలా కుదురుతుంది? ఓడలో అలిగి పుట్టింటికి పోయే దారి లేదు. ఉదయము గొడవపడినవాని ఎదుటనే మధ్యాహ్నము భోజనానికి కూర్చోవాలి. మన తండ్రి ఎవరో, మన ఇల్లు ఏ వీధిలో ఉన్నదో అక్కడ ఎవరూ ఎరుగరు. మన నడతను బట్టే మనలను ఎంచుతారు. గనుక ఆ స్నేహము నిజము కాదనడానికి లేదు.

అయినను అమ్మాయి సందేహములో న్యాయము ఉన్నది. ఓడలో వంట ఎవరో చేస్తారు, ఖర్చు ఎవరో భరిస్తారు. అక్కడ స్నేహితునికై మనము పోగొట్టుకునేది ఏమున్నది? పరీక్ష రేవు దాటిన తరువాతనే వస్తుంది.

ఈ పరీక్ష మన తెలుగువారికి క్రొత్త కాదు. 1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ 342 మందితో మద్రాసు నుండి బయలుదేరి నవంబరు 16న దక్షిణ ఆఫ్రికాలోని డర్బను చేరింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది కూలి ఒప్పందము మీద నేటాలుకు వెళ్లారు. అందులో మనవారు అనేకులు. వారిది సరదా యాత్ర కాదు. అయితే ఇరుకైన చోట కలిసి పడుకొని, కలిసి తిని, కలిసి ఏడ్చినందున ఊరిలో ఉన్న ఎడము సముద్రము మీద నిలువలేదు. ఇట్టి ఓడలలో ట్రినిడాడు, ఫిజీ మొదలైన దేశాలకు వెళ్లిన ఉత్తరాదివారు తోటి ప్రయాణికుని "జహాజీ భాయి", అనగా ఓడ సహోదరుడు, అని పిలిచారు. అది ఉత్త పిలుపు కాదు. కొన్ని చోట్ల ఓడ సహోదరుల పిల్లలను అన్నాచెల్లెళ్లుగా ఎంచి, వారి మధ్య పెండ్లి కూడ దన్నారు. కొద్ది వారాల ప్రయాణము రెండవ తరానికి కూడా బాధ్యత అయింది.

నేటాలులోని మన తెలుగు బాప్టిస్టులు కూడా చెదరిపోలేదు. చెరకు, తేయాకు తోటలలో పనిచేస్తూనే కూడుకున్నారు. వారి కొరకు తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సంఘము 1903లో జాన్ రంగయ్యగారిని పంపింది. ఆ సంవత్సరాంతమునకే కియర్స్‌నీలో సంఘము స్థాపించబడింది.

ఇంత వ్రాసి మా సంగతి దాచడము తగదు. ఉపాధ్యాయ శిక్షణ కాలములో మాకు ఒక గది స్నేహితుడు ఉండేవాడు. కోలారు బంగారు గనుల లైను ఇళ్లలో పెరిగినవాడు. ఒకే లాంతరు వెలుగులో చదువుకున్నాము, ఒకే కంచములో తిన్నాము. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పుడు అతని తమ్మునికి పని పోయింది. ఆ సంగతి తెలుపుతూ అతడు మాకు ఒక ఉత్తరము వ్రాశాడు. డబ్బు అడుగుతాడేమో అని భయపడి మేము జవాబు వ్రాయలేదు. అతడు అడిగినది ఏమీ లేదు. మా క్షేమమే విచారించాడు. కొన్నేండ్లకు బంగారుపేట స్టేషనులో ఎదురుపడ్డాడు. ఉత్తరము మాట ఎత్తలేదు. "అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది?" అని మొదట అడిగాడు. అప్పటికి మా అమ్మ చనిపోయి ఏడాది అయింది. ఆ కబురు కూడా మేము అతనికి పంపలేదు. రైలు వచ్చువరకు మా నోట సరిగా మాట రాలేదు.

ఆ అమ్మాయి మరల వచ్చినప్పుడు చెప్పవలసిన జవాబు ఇది: ఓడలో స్నేహము దానంతట అదే కుదురుతుంది, అందులో మన గొప్ప లేదు. దిగిన తరువాత అది మన చేతిలో ఉన్న పని. ఓడలో కులము, భాష అడుగక ఒకనితో తిన్నవారము నేల మీద మరల అడిగితే, అబద్ధమాడినది ఓడ కాదు, మనమే. మనము కూడా ఊరు విడిచి వచ్చినవారమే. మనతో కలిసి వచ్చి వెనుకబడినవారు, మన జవాబు కొరకు కాచుకొని ఉన్నవారు ఎవరు? ఒక్కొక్కరము ఒక పేరు జ్ఞాపకము చేసుకుందము.

మేము నిన్న రాత్రి అతనికి ఉత్తరము వ్రాశాము. ఇరవై ఏండ్లకు పైగా ఆలస్యమైనది. అయినను వ్రాశాము.