భోక్తయు భోజ్యమును

ఆస్ట్రేలియా ఖండపు నైరృతి కొసయందు, ఆల్బనీ పట్టణమునకు తూర్పున, టూ పీపుల్స్ బే అను తీరపు పొదలలో గిల్బర్ట్ పొటొరూ అను చిన్న జంతువు కలదు. కంగారూ వలె ఇదియు సంచి గల జాతిది. తూకము ఒక కిలోకు అటునిటు. 1840లో జాన్ గిల్బర్ట్ అను ప్రకృతి పరిశీలకుడు దీనిని సేకరించెను. పిమ్మట శతాబ్దమునకు మించి కానరాక, నశించినదని అందఱును తలచిన జాతి 1994లో మరల కనబడెను.

దీని ఆహారము దాదాపు అంతయు భూమిలోపల పెరుగు పుట్టగొడుగులే. మన ధర్మశాస్త్రకారులు కవకములను ద్విజులకు నిషేధించిరి. అడవి ప్రాణికి ఆ నిషేధము లేదు గదా! ఈ పుట్టగొడుగు గొడుగు విప్పదు, నేలపైకి రాదు. తన బీజరేణువులను గాలికి అప్పగింపజాలదు. కావున పక్వమైనప్పుడు గంధమును వెలువరించును. జంతువు ఆ వాసన పట్టి, ముంగాలి గోళ్లతో త్రవ్వి తినును. రేణువులు జీర్ణము కాక, పెంటతో వేఱొకచోట నేలపాలై మొలకెత్తును. పుట్టగొడుగు తంతువులు చెట్ల వేళ్లను చుట్టుకొని వానికి నీటిని, లవణములను అందించును; ప్రతిగా చెట్టు తన ఆకులలో వండిన చక్కెరను గ్రహించును. ఆ చెట్ల చాటుననే జంతువు పగలు దాగును.

ఈ రెంటిలో ఏది గొప్పయని అడుగువారు కలరు. తినునది అధికము, తినబడునది అల్పము అనుట మన అలవాటు. కాని విచారింపుడు: ఆ తల్లి సంచిలో తన సంతానమును, కడుపులో పుట్టగొడుగు సంతానమును ఒక్కమాఱే మోయుచున్నది. ఇందు భోక్త యేది? భోజ్య మేది? తైత్తిరీయమున భృగువు తపమొనర్చి మొదట అన్నమే బ్రహ్మమని గ్రహించెను. అది తొలిమెట్టేయని మనము వడివడిగా దాటిపోవుదుము. కొంత తడవు అచట నిలువదగును.

ఎఱుగక చేసిన మేలు మేలా యని ఆక్షేపము రావచ్చును. జంతువు ఆకలి తీర్చుకొనెనే గాని వనమును పోషింప సంకల్పింపలేదు. సంకల్పము లేనిది పుణ్యము కాదని నేనును ఒప్పుకొందును. పుణ్యము కానంతమాత్రమున ఉపకారము కాకపోదు. చెట్టు బ్రతికినది గదా. చిక్కంతయు సంకల్పింపగల మానవునితోనే. జంతువునకు పుణ్యము లేనట్లే పాపమును లేదు. మనకు రెండును కలవు.

2015లో కార్చిచ్చు ఆ తీరమున వాని నివాసమును చాలవఱకు దహించెను. అంతకు పదేండ్ల ముందే, 2005 మొదలు, కొన్నిటిని పట్టి బాల్డ్ ఐలండ్ అను దీవికి చేర్చియుండుటచే జాతికి ఇంకొక ఆశ్రయము మిగిలెను. చేర్చినవారు జంతువులనే తరలించితిమని తలచియుందురు. వాని కడుపులలో ఆ తీరపు రేణువులును ఓడ యెక్కకుండా చేరియుండవచ్చును.