శిరస్త్రాణ ధర్మము

మన సంఘపు సంచికకు ఏదేని ధర్మవిషయమును గూర్చి వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, హెల్మెట్టును గూర్చి వ్రాసెదనంటిని. ఆయన నవ్వి, "అది పోలీసువారి విషయం కదండీ, ధర్మవిషయం ఎట్లా అవుతుంది?" అనిరి. నేను పండితుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో నా చదువు ముగిసినది. ముప్పదియారేండ్లు ఒక వర్తకుని కొట్టులో చిట్టా, ఆవర్జాలు వ్రాసి విశ్రాంతి పొందితిని. అయినను ఈ ప్రశ్నము నన్ను చాల కాలముగా వేధించుచున్నది గనుక, పాఠక మహాశయులు ఓపికతో వినవలెనని ప్రార్థించుచున్నాను.

మన సౌకార్‌పేటలో హెల్మెట్టు ఉండని చోటు తల యొక్కటే. మింటు వీధిలోను, గోడౌను వీధిలోను ఒక గడియసేపు నిలిచి చూడుడు. బండి అద్దమునకు తగిలించినవారు, మోచేతికి కడియమువలె తొడిగినవారు, పెట్రోలు తొట్టిమీద దేవుని కలశమువలె ప్రతిష్ఠించినవారు కనబడుదురు. ఎన్.ఎస్.సి. బోసు రోడ్డు మలుపు రాగానే అది చప్పున శిరస్సునెక్కును. మలుపు దాటగానే దిగును. వాకిట నిలుచున్న అధికారి కంటికొరకు ధరించు వస్తువు తన తలను కాపాడునని నమ్మువాడెవడు? నేనును అట్లే యుంటిని. ఇతరులను ఎత్తిపొడుచుటకు నాకు అర్హత లేదు. ఎందుకు లేదో చెప్పెదను.

2007లో తమిళనాడు ప్రభుత్వము హెల్మెట్టును నిర్బంధము చేసినది. ఆ దినములలో మంచి హెల్మెట్ల వెల ఒక్కసారిగా పెరిగెను. మా బావమరిది ఒక ఇత్తడి సామానుల కొట్టులో గణకుడు. మోపెడ్డుమీద పాత వాషర్‌మన్‌పేట నుండి వచ్చి పోవుచుండెను. "బావా, ఏదో ఒకటి చాలు. పోలీసువాడు ఆపకుంటే అంతే" అనెను. నాకును అది న్యాయముగనే తోచినది. కాలిబాటమీద గుట్టగా పోసి అమ్మువానియొద్ద బేరమాడి, నూట డెబ్బది రూపాయలకు ఒకటి కొని యిచ్చితిని. దానిమీద ఐ.ఎస్.ఐ. ముద్ర స్పష్టముగ అచ్చొత్తి యుండెను. ముద్ర యుండుటచే నా మనస్సాక్షియు శాంతించినది. ముప్పది రూపాయలు తగ్గించితినని ఇంట చెప్పుకొంటిని కూడ.

మూడు నెలలకు, వానవెలిసిన ఒక సాయంకాలము, వాల్టాక్సు రోడ్డులో గుంటలో చక్రము జారి అతడు పడెను. ఎదుట బండి లేదు, వెనుక బండి లేదు. వేగము మనిషి పరుగునకు మించియుండదు. ఆ టోపీ రెండు చెక్కలైనది. గడ్డము క్రింది కొక్కెము ఊడివచ్చినది. తరువాత నేను దానిని చేతులలోనికి తీసికొని చూచితిని. లోపల వ్రేలిమందము స్పంజి తప్ప మరేమియు లేదు.

అతడు బ్రతికెను, దైవమునకు నమస్కారము. కాని ఇంగువ వాసన నేటికిని ఎరుగడు. అంకెల వరుసను పైనుండి క్రిందికి ఒక్కసారి చూచి మొత్తము చెప్పగలిగిన మనిషి, ఇప్పుడు పాలవాడిచ్చిన చిల్లరను మూడుమార్లు లెక్కించుచున్నాడు. నన్నెన్నడును ఒక్క మాట అనలేదు. అనియుండినచో బాగుండెడిది.

ఇందు తప్పెవరిది? తయారుచేసినవానిదా, అమ్మినవానిదా, ఏదో ఒకటి చాలునన్నవానిదా, కొనియిచ్చిన నాదా? అమ్మినవాడు ఎండలో నిలిచి ఆ పూట కూటికి సంపాదించుకొనువాడు. లోపలి వస్తువును గూర్చి నాకెంత తెలియునో వానికిని అంతే తెలిసియుండును. వానిమీద నాకు కోపము రాదు.

ఇచట హెల్మెట్టు నిర్మాణమును గూర్చి కొంచెము చెప్పవలెను. దీనికి మూడు భాగములు ముఖ్యము. పైచిప్ప గట్టిది, దెబ్బను ఒక్కచోట నిలువనీయక చుట్టును పంచును. లోపల థర్మోకోలువంటి పొర యుండును. కొనువాడు చూడనిదియు, ప్రాణము నిలుపునదియు ఇదియే. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి, తల ఆగుటకు అంగుళమో, అంతకు తక్కువో చోటు నిచ్చును. ఆ కొంచెము చోటులోనే మెదడు మెల్లగా ఆగును. మూడవది గడ్డము పట్టీ. అది లేనిచో తల ఒకచోట, టోపీ ఒకచోట పడును. నలిగిన పొర మరల లేవదు గనుక, ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి ఎంత నిగనిగలాడినను పారవేయవలసినదే. కర్ణుడు నాగాస్త్రము విడిచినప్పుడు కృష్ణుడు రథమును నేలలోనికి అణచగా అర్జునుని కిరీటము పోయి శిరస్సు దక్కిన కథ మనమందరము హరికథలలో విన్నదే. చిన్ననాడు నేను కిరీటము పోయెనే యని విచారించువాడను. అది తన పనిని చేసి పోయినదని ఇప్పుడు తెలియుచున్నది.

ఈ జ్ఞానము లోకమునకు ఎంత ఆలస్యముగ కలిగినదో చూడుడు. ఆంగ్లదేశమున బ్రూక్‌లాండ్సు పందెపు బాటకు వైద్యుడుగా నుండిన ఎరిక్ గార్డ్‌నరు, తలలు పగిలిన పందెగాండ్రను చూడలేక, కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టి టోపీలు చేయించెను. 1914లో ఐల్ ఆఫ్ మాన్ పందెములలో వానిని నిర్బంధము చేసిరి. పందెగానికి రక్షణ దొరికినది. వీధిలో పోవువానిని గూర్చి ఎవరును తలపలేదు. 1935 మే నెలలో, అరేబియా లారెన్సని ప్రసిద్ధికెక్కిన టి. ఇ. లారెన్సు, సైకిళ్ళమీద వచ్చు ఇద్దరు బాలురను తప్పింపబోయి మోటారు సైకిలునుండి పడెను. తలపై ఏమియు లేదు. ఆరు దినములు స్పృహలేక మరణించెను. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడొకడు. ఆయన ఆ మరణమును మరువక, 1941లో మోటారు సైకిలువారి తలదెబ్బలను గూర్చి వ్యాసము ప్రకటించెను. ప్రమాదసమయమున హెల్మెట్టు ధరించియుండినవారు ఆయనకు ఏడుగురే దొరికిరి. ఆ యేడుగురును బ్రతికిరి. ఆ సంవత్సరముననే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు వార్తాహరులకు హెల్మెట్టు విధించినది. అమెరికాలో పీట్ స్నెల్ అను పందెగాడు 1956లో తలదెబ్బచే మరణింపగా, అతని మిత్రులు 1957లో అతని పేర ఒక సంస్థను నెలకొల్పి, హెల్మెట్లను ఇనుప దిమ్మలమీద పడవేసి పరీక్షింపసాగిరి. మిత్రుడు పోయినప్పుడు మనము శిలాఫలకము వేయింతుము. వారు తూనికబల్ల వేసిరి.

పందెములమాట వచ్చినది గనుక షోళవరము జ్ఞాపకమునకు వచ్చుచున్నది. నెల్లూరు దారిలో, యుద్ధకాలపు పాత విమానపు బాటమీద ఏటేట మోటారు పందెములు జరుగుచుండెను. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో క్రొత్త బాట సిద్ధమగుటతో ఆ వైభవము అచటికి తరలినది. నా ఇరువదవయేట మిత్రులతో కూడి షోళవరమునకు పోయితిని. దుమ్ము, పెట్రోలు వాసన, జనము! ఆ కోలాహలములో ఒక మూల ఒక పెద్దమనిషి బల్లవేసికొని కూర్చుండి, వచ్చిన ప్రతి హెల్మెట్టును తిరుగవేసి లోపల చేయిపెట్టి చూచుచుండెను. ఒకదానిలో సన్నని బీట కనుగొని త్రోసివేసెను. ఆ యువకుడు బ్రతిమాలెను. ఆయన తల ఎత్తలేదు. పందెము ఎవరు గెలిచిరో నాకు జ్ఞాపకము లేదు గాని, ఆ పెద్దమనిషి మాత్రము కన్నులకు కట్టినట్లున్నాడు. మన వీధి మొగలో అటువంటివాడు కూర్చుండియుండినచో నా నూట డెబ్బది రూపాయల సరకు గతి ఏమయ్యెడిది?

గంటకు రెండువందల మైళ్ళ వేగమున పోవువాని హెల్మెట్టు వేరు, కూరగాయలకు పోవువాని హెల్మెట్టు వేరు కావలదా యని కొందరు అడుగుదురు. కొంత వేరే. 2019 నుండి ప్రపంచ స్థాయి పందెములలో, తల పక్కకు మెలిపడు దెబ్బకు కూడ పరీక్ష నెగ్గిన ప్రత్యేక ముద్ర గల హెల్మెట్టు ఉండవలెనని విధించిరి. కాని యొక సంగతి నన్ను ఆశ్చర్యపరచినది. యూరపు దేశములలో చాలకాలము నడచిన ప్రమాణమున హెల్మెట్టును దిమ్మకు తాకించు వేగము సెకనుకు ఏడున్నర మీటర్లు, అనగా గంటకు ఇరువదియేడు కిలోమీటర్లు మాత్రమే. మూడు మీటర్లకు కొంచెము తక్కువ ఎత్తునుండి పడిన వేగమది. ఇంత స్వల్పమా యనిపించును. గోడకో స్తంభమునకో కొట్టుకొన్నచో ప్రయాణవేగమంతయు తలమీదికి వచ్చునన్నది నిజమే. కాని సాధారణముగ బండి వేగము మనిషిని ముందునకు జార్చును. తలను నేలకు కొట్టునది అతడు పడిన యెత్తు. ఆ యెత్తు పందెగానికిని, మా బావమరిదికిని ఒక్కటే. ప్రాణమును పణముగ పెట్టి పరుగెత్తువానికి ఉత్తమమైనది దొరకును. నెమ్మదిగా ఇల్లు చేరగోరువానికి ఏదో ఒకటి చాలునా?

ఎంత గట్టిగనున్న అంత మేలనియు అనుకొనరాదు. మహాఘాతములకు తట్టుకొనునట్లు చేసిన హెల్మెట్టు మధ్యతరగతి దెబ్బకు నలుగక, ఆ దెబ్బను తలకే అందించునని వాదము పుట్టినది. చాల చర్చ జరిగిన పిదప, పైన చెప్పిన స్నెల్ సంస్థవారు 2010 నాటి ప్రమాణములో తమ కొలతలను సవరించుకొనిరి. తాము కట్టిన నియమమును తామే దిద్దుకొనుట చిన్న విషయము కాదు. మా కొట్టులో ఒక్క ఆవర్జా పద్దును దిద్దించుటకు నేను ఎన్ని దినములు తిరిగితినో నాకు తెలియును.

ఇక స్వాతంత్ర్యవాదము. నా తల నాది, పగిలిన నాదే పగులును, సర్కారుకేమి? ఈ ప్రశ్నము మన తెలుగునాటనుండియే సుప్రీంకోర్టునకు పోయినది. హెల్మెట్టు ధరింపవలెనను ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనముల నియమము తన సంచారస్వాతంత్ర్యమునకు భంగమని ఒకరు వాదింపగా, 1988లో న్యాయస్థానము ఆ నియమమును నిలిపినది. చట్టము తలపాగా చుట్టిన సిక్కులను మినహాయించినది. విశ్వాసము కొరకు తెలిసి కోరుకొన్న అపాయము వేరు. నేను న్యాయవాదిని కాను. కాని "నా తల నాది" అనువాడు పడిననాడు, ఆస్పత్రి వరండాలో పందొమ్మిది రాత్రులు కూర్చుండినది మా మరదలు. ఆమె తల ఎవరిది? తన తల తనదేయని చెప్పగలవాడు ఒంటరిగా పుట్టి ఒంటరిగా పెరిగినవాడై యుండవలెను; మన పేటలో అట్టివానిని నేను చూడలేదు. 2015లో మదరాసు హైకోర్టు ఉత్తరువుచే వెనుక కూర్చుండువారికి కూడ విధించినప్పుడు పెద్ద గగ్గోలు పుట్టినది. జడలో పూలు నలుగునని మా ఇంటివారును సణిగిరి. వెనుక కూర్చున్నవారికి గుంట కనబడదు. పట్టుకొనుటకు పిడియు లేదు. వారి తల నడుపువాని మాటమీద ఆధారపడి యున్నది.

మాట యంటిని. నా మట్టుకు నాకు తోచిన ధర్మసూక్ష్మము ఇచటనే యున్నది. బంగారమును మనము ఎట్లు కొందుము? తరతరములుగా ఈ వీధులలో గీటురాయిమీద గీయనిదే కాసు చేతులు మారలేదు. బియ్యమును నమిలి చూతుము. పట్టును కాల్చి చూతుము. హెల్మెట్టును ఎట్లు పరీక్షింతుము? పగులగొట్టి చూచినచో ధరించుటకు పనికిరాదు. కొనువాడు పరీక్షింపజాలని వస్తువు గనుకనే, ఎవరో ఒక అపరిచితుడు దాని తోబుట్టువును ముందుగా పగులగొట్టి చూచి, "దీనిని నమ్ముము" అని ముద్ర వేయవలసి వచ్చినది. అమెరికాలో తయారుచేయువాడే ముద్ర వేసికొనును, సర్కారు తరువాత అంగడిలో కొని పరీక్షించును; యూరపులో పరీక్ష ముందు, అమ్మకము తరువాత. పద్ధతి యేదైనను అది యొక మాట. మన దేశమున ఆ మాటకు ఐ.ఎస్. 4151 అని సంఖ్య.

2021 జూను 1వ తేదీనుండి ఆ ముద్ర లేని హెల్మెట్టును తయారుచేయుటయు అమ్ముటయు మన దేశమున నిషిద్ధమైనవి. అదే నెల 16వ తేదీననే బంగారు నగలకు హాల్‌మార్కు నిర్బంధమగుట మొదలైనది. రెండును వేయునది ఒక్క సంస్థయే, భారత ప్రమాణముల సంస్థ. ఆ నెలయంతయు మన పేటలో అరుగులమీదను, కాఫీ హోటళ్ళలోను హాల్‌మార్కే ప్రసంగము. పాతనగల గతి యేమి, తరుగెంత, కూలియెంత? హెల్మెట్టు ముద్రను గూర్చి ఒక్కరైనను ప్రస్తావింపగా నేను వినలేదు. దొంగముద్ర గల గాజును అంటగట్టినవానిని మనము వీధికీడ్తుము. దొంగముద్ర గల హెల్మెట్టును తెలిసియే కొందుము. చవుకయని ఇంకొకరికి కూడ చెప్పుదుము. నేను చేసినది అదియే. ముద్ర నిజమా యని నేను ఆనాడు అడుగలేదు. నిజము కాదని లోలోపల ఎరిగియుంటిని గనుక అడుగలేదు.

గతమాసమున మా మనుమడు బండి కొనెను. వాని నాయన వేయి రూపాయల జరిమానా సంగతి చెప్పుచుండగా, నేను దర్జీ టేపు తెప్పించి కనుబొమలకు పైగా వాని తల చుట్టు కొలిచితిని. ఏబదియేడు సెంటీమీటర్లు. జనరల్ ప్యాటర్సు రోడ్డులోని ఒక అంగడికి పోయితిమి. బావమరిదియు వెంట వచ్చెను. పట్టీ బిగించి, వెనుకనుండి పైకెత్తి ఊడునేమో చూచితిని. లోపలి గుడ్డను తొలగించి పొరను తడవి చూచితిని. అంగడి కుర్రవాడు నవ్వెను. మనుమడు సిగ్గుపడి, "తాతయ్యా, చాల్లే" అనెను. రసీదు వ్రాయుచుండగా బావమరిది ఆ హెల్మెట్టును తన తలకు పెట్టుకొని, అద్దములో చూచుకొని, "ఎంత బావా?" అని అడిగెను. చెప్పితిని. రసీదు చేతికి వచ్చులోపల మరి రెండుమార్లు అడిగెను. రెండుమార్లును చెప్పితిని.