వదులు కళ్ళెము

కళ్ళెము లాగిన గుఱ్ఱము నిలుచునని మనమందఱము నమ్ముదుము. జట్కాబండ్ల కాలమునుండి మన చేతులకు తెలిసిన సూత్రమదియే. పందెపు గుఱ్ఱమునకు మాత్రము చిన్ననాటనే దీనికి విపరీతమైన పాఠము నేర్పబడును. రౌతు అంకవన్నెలను మిక్కిలి పొట్టిగా అమర్చుకొని, జీనుపై కూర్చుండక దాని మెడమీదికి వంగి నిలిచి, పగ్గములను గట్టిగా పట్టును. గుఱ్ఱము ఆ బిగువునకు నోటిని ఆనించి, అదియే తనకు ఊతగా జేసికొని, బిగువు హెచ్చినకొలది ముందునకు దూకును. రెండేండ్ల ప్రాయముననే యీ పాఠమును చదివి, నాలుగైదేండ్లకే పందెములనుండి విరమింపబడిన యొక గుఱ్ఱమును కొండదారిలో, చెట్లనీడను, నింపాదిగా నడుపవలెనని ఒకానొకడు కొని తెచ్చెననుకొందము. గాలికొక ఆకు కదలగానే గుఱ్ఱము మెడ నిక్కించును. వెఱచిన రౌతు పగ్గము లాగును. లాగుటయే తడవుగా గుఱ్ఱము పరుగందుకొనును. రౌతు మఱింత లాగును, గుఱ్ఱము మఱింత పరుగెత్తును. పాపము, దానియందు అవిధేయత లేశమైనను లేదు. తనకు తెలిసిన ఆజ్ఞను అది తు.చ. తప్పక పాలించుచున్నది.

ఉద్యోగవిరమణానంతరము జపధ్యానములకు కూర్చున్న పెద్దలు పలువురు చెప్పుకొను వేదన యిట్టిదే. "నలువది యేండ్లు పరుగులు పెట్టితిమి, ఇప్పుడైనను కన్నులు మూసికొని కూర్చుందమన్న, పట్టినకొలది మనస్సు పరుగెత్తుచున్నదండీ" అని వారనుచుందురు. వారి శ్రద్ధను శంకింపరాదు. వారి పట్టును మాత్రము పరిశీలింపవలసియున్నది.

మనస్సు గుఱ్ఱమువంటిదని లోకమున వాడుక. కఠోపనిషత్తులో యముడు నచికేతునకు చేసిన యుపదేశమున ఈ పోలిక వేఱు విధముగ నున్నది. అచట శరీరము రథము, ఆత్మ రథస్వామి, బుద్ధి సారథి, ఇంద్రియములు గుఱ్ఱములు; మనస్సో, పగ్గము. ఈ భేదమును నేను చాలకాలము గమనింపకయే చదివితిని. పగ్గమనగా సారథి చేతికిని గుఱ్ఱపు నోటికిని నడుమనుండు తోలుపట్టీ. చేతిలోని వణకును నోటికిని, నోటిలోని బెదురును చేతికిని అందించుటయే దాని పని. స్వయముగా అది యెన్నడును పరుగెత్తదు. మనము మనస్సు పరుగెత్తినదని మొఱపెట్టునప్పుడు నిజమునకు మనస్సు బిగిసియుండును, ఆ బిగువును జూచి ఇంద్రియములు పరుగెత్తుచుండును. వివేకవంతుని మనస్సును వర్ణింప నుపనిషత్తు వాడిన మాట 'యుక్తము' అనునది. ఆ మాటకు చక్కగా కూర్పబడినదని యర్థమే కాని, గుంజబడినదని యర్థము లేదు.

పందెపు గుఱ్ఱముల ప్రసక్తి మన తెలుగునేలకు పరాయిది కాదు. హైదరాబాదులో 1868లో మౌలాలీయందు ఆరంభమైన పందెములు 1886లో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున మలక్‌పేటకు మారినవి. ఆ మైదానమున గెలిచిన గుఱ్ఱముల పేర్లు చెప్పగలవారు నగరమున నెందఱో యుందురు. పరుగు ముగిసిన పిమ్మట ఆ జీవములేమైనవని అడుగువారు అరుదు. ఆ ప్రశ్న నడిగి, వానిని చేరదీసి, రెండవ జీవితమునకు సిద్ధపఱచువారి పనిని నేను తపస్సుతో సమానముగ నెంచుచున్నాను.

ఆ పనిలో మొదటి మెట్టు ఏ పనియు చేయకుండుట. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణా తప్పదను సామెత మనకు కలదు. పందెము విడిచిన గుఱ్ఱమునకు మొట్టమొదట తగ్గింపవలసినది ఆ దాణాయే. దినములో హెచ్చుభాగము నాలుగు గోడల నడుమ నిలిచి, ఓట్సువంటి వేడి పుట్టించు గింజలను తిని, వేకువజామున కొలదిసేపు మాత్రము బయలు చూచిన జంతువది. స్వభావసిద్ధముగ గుఱ్ఱము రోజుకు 16 గంటలవఱకు పచ్చిక మేయుచుండును. దాని కడుపులో ఆమ్లము ఎడతెగక స్రవించుచునే యుండును గనుక, గడ్డి లేక కడుపు వట్టిదైన వేళల అది పుండుపడును. కడుపులో మంటతో నున్న ప్రాణికి శాంతిపాఠము చెప్పుట వ్యర్థము. కావున ఎఱిగినవారు జీను, కళ్ళెము తీసివేసి, కొన్ని నెలలపాటు తోటి గుఱ్ఱములతో పచ్చికబయలున విడిచిపెట్టుదురు. గీత ఆఱవ యధ్యాయమున భగవానుడు యోగికి ఆహారవిహారములు యుక్తముగ నుండవలెననుటలోని ఔచిత్యము ఇచట కన్నులకు గట్టును. ఆ భగవానుడే సారథియై యుద్ధమధ్యమున నేమి చేసెనో ద్రోణపర్వమున కలదు: సైంధవవధకై అర్జునుడు ప్రతిన పూనిన మఱునాడు, సూర్యుడు పడమటికి వ్రాలుచుండగా, ఆయన శత్రుసేనల నట్టనడుమ రథము నాపి, గుఱ్ఱములను విప్పి, వాని మేనుల నాటిన బాణములను పెఱికి, నీరు త్రావించి, సేద దీర్చి, మరల పూన్చెను. అంతటి తొందరలోను తొందరపడని యా చేతులను తలచుకొన్నపుడెల్ల నాకు కన్నులు చెమర్చును.

పిదప శిక్షణ. ఎక్కుటకు ముందు చేతితో నడిపించుట, నిలిచిన చోట నిలుచుట నేర్పుట. వినుట కిది అల్పముగ దోచును గాని, పందెపు గుఱ్ఱమునకు నిలుచుటయే అన్నిటికన్న కష్టమైన విద్య. నడచుచుండగనే రౌతును దానిపైకెక్కించు నలవాటుచేత అది కదలక యుండి రౌతు నెక్కించుకొనుట నెఱుగదు. రౌతు పాదములు పొట్టి అంకవన్నెలలో పైననే యుండుటచేత తన ప్రక్కలకు తాకిన కాలి స్పర్శకు అర్థమును అది యెఱుగదు. బెదరినపుడు రెండు పగ్గములను గుంజక, ఒకదానిని మెల్లగ తెఱచి వలయముగ త్రిప్పుదురు. అది ఒక్క అడుగు నెమ్మదించిన క్షణముననే చేయి సడలింతురు. ఆ సడలింపే దానికి బహుమానము, అదియే బోధ. ఒక క్షణము జాగైన ఆ బోధ వ్యర్థమగును. వదలుట వేఱు, విడిచిపెట్టుట వేఱు అని యచట తెలియును. మెడయును వీపును కలియు మూపుచోట వ్రేళ్ళతో గోకిన గుఱ్ఱపు గుండె వేగము తగ్గును. తోటి గుఱ్ఱములు ఒకదానినొకటి కొఱికి గోకుకొను చోటదియే. దారిపట్టిన తొలిదినములలో ముందొక ముసలి గుఱ్ఱము నడచును. చెట్టుకొమ్మకు చిక్కిన ప్లాస్టిక్కు సంచిని జూచియు అది చెవి యాడింపకపోవుటను వెనుకనున్న చిన్నది గమనించును. సత్సంగమునకు ఇంతకన్న మంచి వ్యాఖ్యానమును నేనెఱుగను.

ఇంకొక మాట. గుఱ్ఱమునకు కన్నులు తలకిరుప్రక్కల నుండుటచేత వెడల్పుగ చూడగలదు గాని, తన నుదుటికి సూటిగ నెదుటనున్నది చూడలేదు. వాగు దాటునప్పుడు, ఱాతిబాట దిగునప్పుడు, అది తల వంచి పరికించును, మెడ చాచి తూకము నిలుపుకొనును. పగ్గము బిగించి తల నెత్తిపట్టిన రౌతు తనకు క్షేమమని తలచుచు దాని చూపునే హరించుచున్నాడు.

నలుడు బాహుకుడై ఋతుపర్ణుని విదర్భకు గొనిపోవ గుఱ్ఱముల నేరుకొనిన కథ భారతమున కలదు. చిక్కిన గుఱ్ఱములను జూచి రాజు శంకించెను; అతడు రథమెక్కగనే అవి మోకాళ్ళపై వ్రాలెను. నలుడు పగ్గములను వెంటనే అందుకొనలేదు. మున్ముందు వానిని అనునయించి ఊరడించెను. అశ్వహృదయవేత్త యని ఆయనకు గల కీర్తిలో 'హృదయ' మనుమాట యేల వచ్చెనో ఆ ఘట్టము చెప్పును.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి వాల్‌కిల్ చెఱసాలలో 1984 నుండి ఖైదీలు పందెములు విడిచిన గుఱ్ఱములను సాకుచున్నారు. ఆ పశువుల దగ్గర వారికి అదలింపు పనికిరాదు, తొందర పనికిరాదు, చేతులు మెత్తబడవలసినదే.

గుఱ్ఱము ఆయువు సామాన్యముగ 25 మొదలు 30 యేండ్లు. ఐదవ యేట పందెము విడిచిన దానికి పరుగెత్తిన కాలమున కెన్నో రెట్ల నడక ముందున్నది. ఉద్యోగము విడిచి జపమునకు కూర్చున్న పెద్దలారా, రేపటి ఉదయము పది నిమిషములపాటు సంఖ్య లెక్కింపక, మాల త్రిప్పక, మనస్సును మందలింపక, పచ్చికబయలున విడిచిన గుఱ్ఱమును దూరమునుండి చూచునట్లు ఊరక కూర్చుండుడు.